హుటాన్ మెలింటాంగ్‌లో నెత్తళ్ల నూడుల్స్

మలాయ్ దేశానికి మెర్డేకా, అంటే స్వాతంత్ర్యం, వచ్చిన నాలుగోనాడు పొద్దున్న ఆరింటికి మా ఊరు బంటింగ్‌లో క్లాంగ్ బస్సు ఎక్కాను. చేతిలో రెండు పొట్లాలు. రెండింట్లోనూ అన్నం, నెత్తళ్ల వేపుడు. ఒకటి నాకు, రెండోది మా నాన్నకు.

యుద్ధంలో సయాం రైలుమార్గం పని కోసం జపాన్‌వాళ్లు రబ్బరు తోటలోంచి నాన్నను పట్టుకుపోయి పద్నాలుగేళ్లు దాటింది. ఉన్నాడనీ లేడనీ ఎవరూ చెప్పలేదు. అమ్మ బొట్టు తీయలేదు, తద్దినం పెట్టలేదు. కిందటి నెల చేపల లారీ అప్పన్న ఒక కబురు తెచ్చాడు. హుటాన్ మెలింటాంగ్‌లో జపాన్ రకం నూడుల్స్ అమ్మే చీనావాడొకడు, సయాంలో తన వంటపాకలో బంటింగ్ తెలుగువాడొకడు పనిచేశాడని అన్నాడట. అమ్మ నన్ను నిలవనివ్వలేదు.

"ఏటయినాడో కనుక్కోరా. ఉంటే ఈ అన్నం ఎట్టు" అంది.

క్లాంగ్‌లో బస్సు మారి, సబాక్ బెర్నామ్ చేరేసరికి పన్నెండున్నర. దారిపొడవునా కొట్లకు కొత్త జెండాలు వేలాడుతున్నాయి. పడవలో నది దాటగానే పోలీసు తనిఖీ. స్వాతంత్ర్యం వచ్చింది గానీ ఎమర్జెన్సీ పోలేదు. అడవిలో దాక్కున్న కమ్యూనిస్టు తిరుగుబాటుదార్లకు చేరుతుందని గుప్పెడు అన్నం కూడా దాటనివ్వరు. ఒక్కడికి రెండు పొట్లాలెందుకని అడిగాడు మలాయ్ పోలీసు. ఒకటి మా నాన్నకన్నాను. ఆయన ఎక్కడున్నాడన్నాడు. తెలీదన్నాను. నా నోటితో నేనే నాన్నను అడవికి పంపినట్టయింది! అరగంట నిలబెట్టి, పొట్లాలు రెండూ ఉంచుకుని వదిలాడు. ఈ దారిన వెళ్లేవారు అన్నం కట్టుకోవద్దు.

మధ్యాహ్నం రెండు గంటలకు కొట్టు దొరికింది. రేకుల కప్పు, నాలుగు బల్లలు. పొయ్యి దగ్గర అప్పన్న చెప్పిన చీనావాడు, అరవై ఏళ్ల లిమ్. ఆకలి కరకరలాడుతోంది. ముందు తిందామనుకున్నాను. అసలు సంగతి అడగడానికి భయం కూడా వేసింది.

గిన్నెలో పలచటి చారు, అందులో సన్నటి నూడుల్స్, పైన ఉల్లికాడలు. చారు వాసన ఎక్కడో తెలిసినదే. నెత్తళ్లు! జపాన్‌వాళ్లు ఎండు నెత్తళ్లనే మరగబెట్టి చారు కాస్తారని, సయాంలో వాళ్లకు వండుతూ నేర్చుకున్నానని లిమ్ మలాయ్ భాషలో చెప్పాడు. నేను నూడుల్స్‌ను చేత్తో తీయబోతే ఆపి చెంచా ఇచ్చాడు. చప్పుడు చేస్తూ జుర్రాలట. ఇంట్లో అలా తింటే అమ్మ వీపు విమానం మోత మోగించేది. మొహమాటంగానే జుర్రాను. బాగుంది.

"నెత్తళ్లకి తల తియ్యాలి, లేకపోతే చేదు. సయాంలో బంటింగ్ మనిషి తీసేవాడు" అన్నాడు లిమ్. చెబుతూనే ఎడమ చిటికెనవేలు సగానికి మడిచి చూపించాడు. "ఇక్కడికే ఉండేది."

నాన్న వేలు తోటలో కత్తికి తెగింది. చెంచా దించేశాను. ఆయన మా నాన్న అన్నాను.

లిమ్ పొయ్యి తగ్గించి ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. వాంతులు, విరేచనాలు పట్టుకుని మూడు రోజుల్లో పోయాడని చెప్పాడు. నాకు ఏడుపు వచ్చింది, దాచుకోలేదు. కాసేపటికి, ఏ రోజో గుర్తుందా అని అడిగాను. తారీఖు తెలీదన్నాడు.

"మూన్‌కేక్ పండగకి రెండు రోజుల ముందు. ఆ రోజు ఏటా నేను అగరొత్తి పెడతాను."

చీనా పండగలు కూడా చంద్రుణ్ణి బట్టే వస్తాయి. మూన్‌కేక్ పండగంటే పౌర్ణమి. దానికి రెండు రోజుల ముందంటే భాద్రపద శుద్ధ త్రయోదశి. ఈ ఏడు పండగ ఎప్పుడని అడిగితే ఇంకా నాలుగు రోజులన్నాడు; అంటే నాన్న తిథి ఎల్లుండే. ఆ సాయంత్రం ఇక తిరుగు పడవ లేదు. కొట్టు మేడ మీదే పడుకోమన్నాడు, గిన్నెకూ గదికీ ఏమీ పుచ్చుకోలేదు.

మర్నాడు తెల్లవారగానే మొదటి పడవ. నేను తీసుకెళ్తున్న కబురుతో అమ్మ బొట్టు పోతుంది. బస్సులో అదే తలచుకుని కుమిలిపోయాను. క్లాంగ్‌లో మాత్రం దిగి అరకిలో దాకా నెత్తళ్లు కొన్నాను. బంటింగ్ బస్సు కదిలాక కాగితం ఒళ్లో విప్పి తలలు తీయడం మొదలుపెట్టాను.

"ఏటి బాబూ, ఇంట్లో ఏటి ఇసేసం?" అంది పక్కన కూర్చున్న ముసలామె.

"రేపు మా నాన్న తద్దినం" అన్నాను. ఆ మాట అనడం నాకదే మొదటిసారి.