గంపగుత్త వద్దన్న పెళ్లి ఫోటోలు

పెళ్లికూతురి తల్లి చేయగలిగిన తప్పులు చాలానే ఉన్నాయి. పప్పులో ఉప్పు మరిచిపోవచ్చు. వియ్యపురాలి పేరు మరిచిపోవచ్చు. నేను అవేవీ చేయలేదు. ఇంతవరకూ ఎవరూ చేయని తప్పేదో వెతికి మరీ చేశాను. వింటే నవ్వుతారు. నవ్వండి, మా వియ్యాలవారు ఇప్పటికీ ఆపలేదు.

ముందు నా సంగతి ఒక ముక్క. ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసి బస్టాండు దగ్గర అమ్ముకునే మనిషిని. అక్షరాలు యాభై దాటాక వచ్చాయి గానీ బేరం మాత్రం పాలపళ్లతోనే వచ్చింది. మా సరుకు కొనే షావుకార్లు "గంపగుత్తగా ఇచ్చెయ్ అక్కా" అంటారు, అంటే గంప మొత్తానికీ ఒకే ధర. అందులో పడితే ఎంత మంచి గరిటెకైనా పుల్ల ధరే. అందుకే గంపగుత్తగా అమ్మకూడదు, కొనకూడదు అనేది నా సిద్ధాంతం. (సిద్ధాంతం అనే మాట ఈమధ్యే చదవడం వచ్చింది, ఎక్కడ వాడదామా అని చూస్తున్నాను.)

మా అమ్మాయి కరుణ పెళ్లి సంగం అనే ఊరి అబ్బాయితో కుదిరింది. పెళ్లి ఆత్మకూరు చర్చిలో. పిల్ల నగలు అడగలేదు, చీరల దగ్గర పేచీ పెట్టలేదు. ఒక్కటే అడిగింది.

"అమా, నువ్వూ నేనూ కలిసి ఉండే ఫోటో ఒక్కటన్నా లేదు. నీ మొహం ఆధార్ కార్డులో తప్ప యాడా లేదు. దాంట్లోనేమో ఎవురినో కొట్టబోతా ఉండావు. పెళ్లిలో మంచిదొకటి కావాల. సంగంలో గోడకు పెట్టుకుంటా."

"అదేమంత భాగ్యం, పెట్టుకో," అన్నాను.

ఆత్మకూరులో స్టూడియో నడిపే మస్తాను దగ్గరికి ఇద్దరం వెళ్లాం. పెళ్లి మొత్తం తీసి, పెద్ద ఆల్బమ్ చేసి ఇవ్వడానికి అంతా కలిపి పేకేజీ అని ఒక రేటు చెప్పాడు. ఆ రేటు వినలేక నా చెవికమ్మలు వాటంతటవే ఊడి పడతాయనుకున్నాను.

"ఏంది నాయనా, వేలితో నొక్కేదానికి అంతా? కెమెరా ఒకసారి కొనేస్తివి. అదేమన్నా అరుగుతుందా, కరుగుతుందా?"

"పొద్దన్నుంచి సాయంత్రం దాకా నిలబడాల అక్కా. తీసినాక ఒక్కో ఫోటో దగ్గర కూర్చోని బాగు చెయ్యాల. రేటు ఆ పనికి."

అంతకు ముందు రోజే ఒకామె నా గరిటె తిప్పి తిప్పి చూసి, "అడవిలో ఊరికే దొరికే కట్టెకు ఇంత రేటా?" అంటే, "కట్టెకు కాదు తల్లీ, చెక్కిన చేతికి," అని బస్టాండంతా వినపడేటట్టు అరిచింది నేనే. ఆ గొంతు ఈ పూట సెలవు పెట్టింది.

"గంపగుత్త నాకు పడదు. ఫోటోకింతని చెప్పు."

"అట్నే చేద్దాం. అయితే ఫోటో లెక్క ఎట్టంటే..."

"లెక్క నువ్వు నాకు నేర్పబాక. ఒక ఫోటోకి ఎంత?"

చెప్పాడు. సగానికి దించాను. కోట గెలిచిన రాణిలా మెట్లు దిగుతుంటే కరుణ గొణిగింది.

"ఆయన ఏందో చెప్పబోయినాడమా."

"బేరంలో ఎదుటోడిని చెప్పనిస్తే మనం మునిగినట్టే."

పెళ్లి రోజు కెమెరా తళుక్కుమన్నప్పుడల్లా నా కొంగుముడిలో నుంచి ఒక నోటు రెక్కలొచ్చి ఎగిరిపోయింది. పాస్టరయ్య ఉంగరాలు మార్పించేటప్పుడు మస్తాను వరసగా మూడుసార్లు నొక్కాడు. లేచి వెళ్లి చెయ్యి అడ్డం పెట్టాను.

"ఒక ఉంగరానికి ఒకటి చాలు."

"పక్కకు రా అక్కా. ఒక్కటే తీస్తే ఎవురో ఒకరు కళ్లు మూసుకోనుంటారు."

"ఉండనీ. ప్రార్థన చేస్తా ఉండారనుకుంటారు."

దండల దగ్గర అడ్డం పెట్టాను. భోజనాల దగ్గర, "నోట్లో ముద్ద ఉండే మొహానికి గూడా డబ్బు కట్టాలా?" అని అడ్డం పెట్టాను. కెమెరా నా వైపు తిప్పితే, "నేను ఆధార్‌లో ఉండాను, చాలు," అన్నాను.

అప్పుడే నా బుర్రలో గొప్ప ఆలోచన వెలిగింది. ఫోటోలో ఒకరున్నా వందమంది ఉన్నా రేటు ఒకటే గదా. ఉదయగిరి చుట్టాలనూ సంగం చుట్టాలనూ సీతారామపురం ఆఖరి బస్సులో కుక్కినట్టు ఒకే వరసలో కుక్కి, ఒక్క దెబ్బతో తీయించాను. వియ్యపురాలు వచ్చి కెమెరా వెనక అద్దంలో చూసుకుంది.

"ఏంది వదినా, మా అన్నకు సగం మీసమే పడింది?"

"మిగతా సగం మనకు తెలిసిందే గదా వదినా."

కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు. నేను ఎలుకను మిగుల్చుకోవడానికి కొండనే వదిలేశానని కొన్నాళ్లకు తెలిసింది.

పుట్టింటికి వచ్చిన కరుణను తీసుకొని స్టూడియోకు వెళ్లాను. మస్తాను కంప్యూటర్లో ఒక్కొక్కటీ చూపించాడు. ఉంగరాల ముందు ఒక చెయ్యి. దండల ముందు ఒక చెయ్యి. అయిదు వేళ్లు, ఎర్ర గాజులు, అదే చెయ్యి. కొత్తవాళ్లు చూస్తే మా అల్లుడు ఆ చేతినే పెళ్లి చేసుకున్నాడనుకుంటారు.

"వీటన్నిటికీ కట్టాల్నా మస్తానూ?" అన్నాను నీరసంగా.

"తీసినదానికి లెక్క లేదక్కా. మీరు ఏరి ఆల్బంలో పెట్టించిన ఫోటోకే లెక్క. ఆ పొద్దు చెప్పబోతే నువ్వు చెప్పనిస్తివా?"

"అంటే, నేను ఆపకుండా ఉంటే..."

"ఎన్నో తీసుంటా. బాగుండేటివి ఏరుకోనుంటారు. ఇప్పుడు నీ చెయ్యి బాగా పడిండేటివి ఏరుకోవాల."

నాకు నవ్వొచ్చింది గానీ కరుణ నవ్వలేదు. "అన్నా, మా అమ్మా నేనూ ఉండేది ఒక్కటీ లేదా?" అని అడిగింది, తెర వైపు చూడకుండానే.

మస్తాను ఫోటోలను చివరిదాకా జరిపి ఒకదాని దగ్గర ఆగాడు. అది కరుణ కారెక్కబోయే వేళ తీసింది. పిల్ల బుగ్గలు నా రెండు చేతుల్లో ఉన్నాయి. ఇద్దరి మొహాలూ ఏడుపుతో వంకర్లు పోయాయి. ఇద్దరమూ కెమెరాను చూడటం లేదు. అడ్డం పెట్టడానికి నాకు మూడో చెయ్యి లేదు.

"ఇది ఎప్పుడు తీసినావు?"

"నీ రెండు చేతులూ ఎప్పుడు ఖాళీ లేకుండా పోతాయా అని పొద్దన్నుంచి కాచుకోనుంటి అక్కా."

కరుణ కళ్లు తుడుచుకొని, "ఇదే గోడకు," అంది.

"దీనికి రేటెంత?" అన్నాను.

"దీనికి నువ్వే చెప్పు."

పాలపళ్లతో వచ్చిన బేరం ఆ నిమిషాన నోట్లో లేకుండా పోయింది. చివరికి, "మొదట నువ్వు చెప్పిన పేకేజీ రేటే తీసుకో. గంపగుత్తగా," అన్నాను. కరుణ నాకు జ్వరమేమోనని నుదురు పట్టి చూసింది.

అంతటితో ఊరుకుని ఉంటే బాగుండేది. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాను.

"ఫ్రేము ఊరికే కడతావు గదా మస్తానూ?"

కాబట్టి పాఠకులారా, మీ అందరి ఎదుట ప్రమాణం చేస్తున్నాను. చేతిపని చేసే మనిషి మాట పూర్తికాకుండా ఇక బేరం మొదలుపెట్టను. ఏ కెమెరాకూ అడ్డం వెళ్లను. ప్రమాణమంటే చెయ్యి పైకెత్తాలి గదా అంటారేమో. వద్దు. ఎవరు ఎక్కడ నుంచి తీస్తున్నారో ఏమో, ఆ చెయ్యిని కొంగులో చుట్టి పెట్టుకున్నాను.