అమ్మమ్మ సీటుకి స్టీరింగు వచ్చింది

మా అమ్మమ్మ ముప్పై ఒక్క ఏళ్లుగా కారులో తిరుగుతోంది. కారు నడిపింది మాత్రం రోజుకి మూడు వీధులు.

ఆవిడ డ్రైవింగ్ నేర్పే మనిషి. పొద్దున్నే మా షెడ్డులోంచి ఎర్రకారు తీసి, మూడో వీధిలో ఉన్న మొదటి శిష్యుడి ఇంటిదాకా తనే నడుపుతుంది. అక్కడ దిగి, చుట్టూ తిరిగొచ్చి ఎడమ సీట్లో కూర్చుంటుంది. ఇక సాయంత్రం దాకా ఆ సీటే. స్టీరింగు శిష్యుల చేతిలో, రెండో బ్రేకు ఆవిడ కాలికింద. ఎదురుగా కుక్క కనపడినా, గాలికి కాగితం ఎగిరినా ఆ కాలు పడిపోతుంది. అందుకే ఊరంతా ఆవిడని చాటున బ్రేకమ్మ అంటారు. మొహం మీదే అనేది నేనొక్కదాన్నే.

నేను లైసెన్సు పరీక్ష రెండుసార్లు తప్పాను. పదో తరగతి కూడా రెండుసార్లు తప్పాను కాబట్టి ఇంట్లో ఎవరూ కంగారు పడలేదు. నాకు లెక్కలు నేర్పింది తాతయ్య, క్లచ్చి నేర్పింది అమ్మమ్మ. రెండూ ఒంటబట్టలేదు. ఇద్దరూ తప్పు నాదే అంటారు. ఇద్దరూ కలిసి ఒప్పుకున్న విషయం ఇంతవరకూ అదొక్కటే.

తాతయ్య ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసేవారు. "ఊపిరి బిగబట్టండి, కదలకండి" అని ముప్పై ఏళ్లు జనానికి చెప్పీ చెప్పీ, రిటైరయ్యాక ఇంట్లో తనే కదలడం మానేశారు. అలాంటాయన కూడా ఆ రోజు కుర్చీలోంచి లేచి నిలబడ్డారంటే కారణం మా చిన్నమ్మమ్మ ఫోను.

చిన్నమ్మమ్మ అంటే అమ్మమ్మ చెల్లెలు. పరదేశంలో నర్సుగా పనిచేసి, రిటైరై, సరస్సు ఒడ్డున ఒక చిన్న ఊళ్లో ఇల్లు కొనుక్కుంది. నెల్లాళ్లు ఉండిపొమ్మని మా ముగ్గుర్నీ పిలిచింది. వీసాలు వచ్చాయి. విమానం దిగిన చోటి నుంచి ఆవిడ ఊరు మూడువందల నలభై కిలోమీటర్లు.

"రైలుంది, నాలుగు గంటల్లో వచ్చేస్తారు. లేదంటే అక్కడే అద్దెకారు తీసుకుని మీరే నడుపుకుంటూ రండి. సాయంత్రం ఆరింటిలోపు మా ఊళ్లో అప్పజెప్పేస్తే సరి. కొండల మీదుగా దారి ఎంత బాగుంటుందో అక్కా!" అని ఆవిడ నిప్పు పెట్టి ఫోను పెట్టేసింది.

"రైలే. ఇందులో ఆలోచించేదేముంది?" అన్నారు తాతయ్య.

"కారే," అంది అమ్మమ్మ.

"రైల్లో బాత్రూముంటుంది. కారులో ఉంటుందా?"

"దారిపొడుగునా ఉంటాయండీ. మీరు చెప్పినచోటల్లా ఆపుతాను."

"నువ్వు ఆపుతావని నాకు తెలుసు. ఆపడంలో నిన్ను మించినవాళ్లు లేరు. నడపడం గురించే నా బెంగ."

నేను పకపకా నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది.

"రైల్లో ఎదురెదురుగా కూర్చుంటాం," అని తాతయ్య గొంతు తగ్గించారు. "నీ మొహం చూస్తూ కబుర్లు చెప్పుకోవచ్చు."

"నలభై ఆరేళ్లుగా చూస్తున్నారు కదా, ఇంకా ఏం మిగిలింది చూడ్డానికి?"

అలా టీలు చల్లారిపోయేదాకా వాదించుకుని, చివరికి ఇద్దరూ నా వైపు తిరిగారు. మా ఇంట్లో చెరో మాటా అయితే తీర్పు నాది. తాతయ్య టేబులు కింద నుంచి నా మోకాలు తట్టి, "కిటికీ సీటు నీదే" అని గొణిగారు. నేను అంతకే అమ్ముడుపోయాను.

"రైలు," అన్నాను.

నేను గేరు తప్పు వేస్తే వీధి చివర ఇస్త్రీ చేసేవాడికి కూడా వినపడేలా అరిచే మనిషి అమ్మమ్మ. ఆ రోజు మాత్రం కప్పులు సింకులో పెట్టి షెడ్డులోకి వెళ్లిపోయింది.

కాసేపు చూసి నేనూ వెళ్లాను. ఎర్రకారులో ఎడమ సీట్లో కూర్చుని ఉంది. నేను కుడి తలుపు తీసి స్టీరింగు ముందు కూర్చున్నాను.

"బెల్టు," అంది, నా వైపు చూడకుండానే.

"బండి షెడ్డులో ఉంది బ్రేకమ్మా."

"బెల్టు."

పెట్టుకున్నాను. "అలిగావా?"

"అలగడానికి నేనేమన్నా కొత్త పెళ్లికూతురినా?" అంది. డాష్‌బోర్డు మీద దుమ్ము తుడుస్తూ, "నేను ఎప్పుడైనా నలభై దాటానుటే?"

"వయసా, స్పీడా?"

"నోర్ముయ్. స్పీడే."

అప్పుడు చెప్పింది. శిష్యుడు పక్కనుంటే నలభై దాటనివ్వదు. లైసెన్సు చేతికి రాగానే వాళ్లు హైవే ఎక్కేస్తారు. కొందరు కొండల మీద కారు ఆపి, దానికి ఆనుకుని నిలబడి ఫొటోలు పంపిస్తారు. ఆ ఫొటోలు చూసుకుంటూ ఈవిడ ఇంకో కొత్తవాడితో మళ్లీ గ్రౌండు చుట్టూ మొదలుపెడుతుంది.

"అందర్నీ రోడ్డెక్కించి నేను మాత్రం ఇక్కడే తిరుగుతున్నానే. నాలుగు గంటలు ఏకబిగిన, పక్కన ఎవరికీ ఏమీ నేర్పకుండా, నా చేతుల్తో నేను నడుపుకుంటూ వెళ్లాలని ఉంది."

"దానికి పరదేశం దేనికి? ఇక్కడే హైవే ఎక్కు."

"ఈ బండితోనా? దీని నెత్తిన డ్రైవింగ్ స్కూలు బోర్డు చూస్తే వెనకవాళ్లు భయంతో రోడ్డు దిగిపోతారు." ఆవిడ నవ్వింది కానీ నవ్వు నిలవలేదు. "అక్కడ అద్దెకారు డెబ్బై నిండనివాళ్లకేనట. చిన్నమ్మమ్మ పంపిన కాగితంలో ఉంది. మీ తాతయ్య చదవలేదు."

మా విమానం పదకొండో తారీఖున. అమ్మమ్మకి డెబ్బై నిండేది పంతొమ్మిదిన. మధ్యలో ఎనిమిది రోజులు.

ఒక్క కిటికీ సీటు కోసం నేను చేసిన పని తలుచుకుంటే సిగ్గేసింది. మొహం దాచుకోవడానికి ఫోను తీసి ఆ అద్దెకార్ల బొమ్మలు చూడసాగాను. కారు లోపలి బొమ్మ ఒకటి వింతగా ఉంది. మొదట ఫొటో తిరగబడిందనుకున్నాను. తర్వాత ఇంకోటి చూశాను, ఇంకోటి చూశాను. అన్నీ అలాగే ఉన్నాయి.

"అమ్మమ్మా! వాళ్లు రోడ్డుకి కుడిపక్కన నడుపుతారా?"

"అయితే ఏం?"

"అయితే స్టీరింగు ఎడంపక్కనుంటుంది! నీ సీటు ముందుంది చూడు!"

ఆవిడ ఫోను లాక్కుని కళ్లజోడు పెట్టుకుంది. బొమ్మ చూసింది. తన ముందున్న ఖాళీ డాష్‌బోర్డు చూసింది. మళ్లీ బొమ్మ చూసింది. మెల్లగా రెండు చేతులూ ఎత్తి ఆ ఖాళీ మీద గుండ్రంగా పట్టుకుంది.

"అంటే ఇన్నాళ్లూ నేను కూర్చున్నది సరైన సీటేనన్నమాట," అంది. "దేశమే తప్పు."

నేను ఒక్క పరుగున ఇంట్లోకెళ్లి నా ఓటు రద్దు చేశాను.

"వేసిన ఓటు మార్చకూడదు," అన్నారు తాతయ్య.

"నేను ఏ పరీక్షైనా మొదటిసారి తప్పుతాను కదా తాతయ్యా!" అని, డెబ్బై సంగతి చెప్పాను.

ఆయన కళ్లజోడు తీసి తుడిచారు. తుడవాల్సినదానికంటే ఎక్కువసేపే తుడిచారు. "తిరుగు ప్రయాణానికి ఆవిడకి డెబ్బై నిండిపోతాయిగా. అప్పుడు రైలే. కిటికీ సీటు నాది," అన్నారు. అలా వెళ్లేటప్పుడు కారు, వచ్చేటప్పుడు రైలు ఖాయమైంది.

ప్రయాణానికి ముందున్న మూడు వారాలూ మా వీధికి మంచి కాలక్షేపం. అమ్మమ్మ వంటింట్లోంచి పెద్ద గిన్నె మూత ఒకటి పట్టుకెళ్లి, ఎడమ సీట్లో కూర్చుని, దాన్ని స్టీరింగులా తిప్పడం మొదలుపెట్టింది. అప్పుడు నేర్చుకుంటున్నది మందులషాపు ఆయన. అసలే భయస్తుడు.

"మేడమ్, ఇద్దరం తిప్పుతున్నాం. బండి ఎవరి మాట వింటుంది?"

"నీ మాటే. నన్ను పట్టించుకోకు, రోడ్డు చూడు."

"మీరు ఎడంవైపు తిప్పారు మేడమ్, నేను కుడివైపు వెళ్లాలి కదా?"

"నేను వేరే దేశంలో వెళ్తున్నాను. నువ్వు ఇక్కడ వెళ్లు!"

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు గానీ ఈవిడ గిన్నె మూత మీద గెలుస్తోందని తాతయ్య చూసినవాళ్లందరికీ చెప్పారు. అయినా పరదేశంలో బండి నడపడానికి కావలసిన లైసెన్సు కాగితం కోసం ఆఫీసుకి వెళ్లి వరసలో నిలబడింది ఆయనే.

విమానం దిగాం. అద్దెకార్ల కౌంటరులో ఒకమ్మాయి అమ్మమ్మ పాస్‌పోర్టు తిప్పింది. పుట్టినతేదీ దగ్గర ఆగింది. కంప్యూటరు చూసింది. మళ్లీ పాస్‌పోర్టు చూసింది. అమ్మమ్మ బిగుసుకుపోయింది. ఆ అమ్మాయి నవ్వి, తాళం ముందుకు తోసింది.

"ఇక ఊపిరి తీసుకోవచ్చు," అన్నారు తాతయ్య.

బూడిదరంగు కారు, కొత్తది. అమ్మమ్మ ఒక్క క్షణం కూడా తడబడకుండా ఎడమ తలుపు తీసుకుని కూర్చుంది. తాతయ్య కుడిపక్కన, నేను వెనక. బెల్టులు పెట్టుకున్నాం. అమ్మమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుంది. మేం చూస్తున్నాం. ఆవిడా చూస్తోంది. బండి కదలదు.

"ఊఁ, అద్దాలు సరిచూసుకున్నారుగా? ఇక బయల్దేరండి," అంది.

"ఎవరు?" అన్నారు తాతయ్య.

"మీరే!"

"నా ముందు నడపడానికి ఏముందే?"

ఆవిడ ఆయన ముందున్న ఖాళీ చూసి, తన ముందున్న స్టీరింగు చూసి, "అయ్యో రామా!" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మేం ముగ్గురం నవ్విన నవ్వుకి పక్క కారు తుడుస్తున్నవాడు వచ్చి ఏమైందని సైగ చేసి అడిగాడు.

తర్వాత కాళ్లతో వెతికింది. "క్లచ్చేదే?"

"ఈ కార్లకి ఉండదు అమ్మమ్మా. గేర్లు వాటంతటవే పడతాయి."

"దాని కోసం ఎంతమందిని తిట్టానో!" అని బాధపడి, స్టీరింగు పట్టుకుని బండి కదిలించింది.

మొదటి సర్కిలు దగ్గర అంతా మనకి ఎదురు దిక్కుగా తిరుగుతున్నారు. తాతయ్య కాలు ఠప్పున నేలకేసి కొట్టారు.

"అక్కడ బ్రేకు లేదండీ," అంది అమ్మమ్మ చల్లగా. గిన్నె మూత మహిమ, సర్కిలు అలవోకగా దాటేసింది.

హైవే వచ్చింది. నేను వెనక నుంచి మెడ సాచి మీటరు చదవసాగాను. "ముప్పై ఎనిమిది. ముప్పై తొమ్మిది. నలభై. నలభై ఒకటి! అమ్మమ్మా, నలభై ఒకటి!" తాతయ్య చప్పట్లు కొట్టారు. అరవై అయింది, ఎనభై అయింది. తొంభై దగ్గర నేను చదవడం మానేసి ఆవిడ మొహం చూశాను. పెదవులు కదులుతున్నాయి. ముందుకి వంగి విన్నాను.

"అద్దం. సిగ్నల్. మెల్లగా... శభాష్."

రెండేళ్లు నేర్పినా నాకొక్కసారి కూడా చెప్పని మాట! తనకి తను ఎంత ధారాళంగా చెప్పుకుంటోందో. అడుగుదామనుకున్నాను గానీ, ఆ చేతులు స్టీరింగు మీద అంత హాయిగా ఉంటే అడగబుద్ధి కాలేదు.

తాతయ్య కోసం మూడుసార్లు ఆపింది. మూడుసార్లూ ఆయన పరుగున వెళ్లి పరుగున వచ్చారు. ఆయన అంత వేగంగా కదలడం నేనెప్పుడూ చూడలేదు. కొండలెక్కాం, మలుపులు తిరిగాం. ఒక మలుపు దాటగానే కింద సరస్సు నీలంగా పరుచుకుని కనపడింది. అమ్మమ్మ "అబ్బ!" అంది కానీ రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. "మీరు చూసి చెప్పండి," అంది. తాతయ్య ఎక్స్‌రే చదివినంత వివరంగా చెప్పారు: నీళ్లు, పడవలు, ఒక తెల్ల ఇల్లు, దాని పొగగొట్టం.

నాలుగున్నరకి ఊళ్లోకి వచ్చాం. చిన్నమ్మమ్మ వీధి, చిన్నమ్మమ్మ ఇల్లు, గేటు దగ్గర చిన్నమ్మమ్మ చేతులూపుతూ నిలబడి ఉంది. అమ్మమ్మ హారన్ మోగించి, చెయ్యి ఊపి, ముందుకి వెళ్లిపోయింది.

"అమ్మమ్మా, ఇల్లు దాటిపోయింది!"

"చూశాను."

"చిన్నమ్మమ్మ అరుస్తోంది!"

"వినపడుతోంది. బండి ఆరింటికి కదా ఇవ్వాలి?"

వెనక అద్దంలోంచి చూస్తే చిన్నమ్మమ్మ ఇంట్లో వేసుకునే చెప్పులతోనే రోడ్డు మీదకొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది. ఇప్పుడు తాతయ్య మొదలుపెడతారు అనుకున్నాను. ఆయన వంగి మీటర్ల వైపు చూశారు.

"పెట్రోలుందా?"

"సగం ట్యాంకుందండీ."

ఆయన కిటికీ అద్దం దించి, మోచెయ్యి బయటకి పెట్టుకుని, సీట్లో వెనక్కి జారబడ్డారు.

"ఇంకేం మరి? పోనీ," అన్నారు.