బందు నీళ్లలో మామ వల

మా ఎల్లారెడ్డి దిక్కు చెరువుల్లోకి కొత్త నీరు దిగగానే చేపలు వాగుకు ఎదురెక్కి గుడ్లు పెడతాయి. ఏటా ఆ వానకాలమంతా వాగు మూలన ఎవరూ వల వేయొద్దని మా చేపల సంఘమే బందు పెట్టింది. నీళ్లలోని తుమ్మకొమ్మలకు గుర్తుగా ఎర్రగుడ్డలు కట్టారు. కాపలా ఇంటికో వంతు. వల దొరికితే కాపలా ఉన్నవాళ్లే దాన్ని సంఘం ముందు కోసెయ్యాలి. పట్టుబట్టి ఆ కట్టుబాటు పెట్టించింది మా మామ. మా ఆయన దుబాయిలో ఉన్నాడు కాబట్టి మా ఇంటి వంతు నా మెడకు పడింది.

ఊరంతా చుట్టాలే అయితే ఎవరి వల ఎవరు కోస్తారు, నా బొంద! నేను వల లాగితే చాలు, ఒడ్డున ఎవరో ఒకరు ప్రత్యక్షం.

"ఈ ఒక్కపారి ఇడిసెయ్యి వదినె. రేపు అన్నొస్తే ఏం మొకంతోని మాట్లాడుతవ్?"

ఇచ్చేసేదాన్ని. అందరూ అంతే. నాట్లకు పోయొచ్చి, నడుము పడిపోతుంటే కట్ట మీద కూర్చోవడం, తీసిన వల మళ్లీ వాళ్ల చేతికే ఇవ్వడం. ప్రాణం విసిగిపోయింది. నిరుడు వాగు మూలన చేపపిల్ల కనబడలేదు. ఈసారీ అంతే అయితే బందు ఎత్తేద్దామని సంఘంలో అంటున్నారు.

ఒక పొద్దున లాగిన వలను తిప్పి చూశాను. చిరిగినచోట పచ్చదారం అతుకు. మా ఇంటి వలకు మా అత్త చనిపోయేముందు అల్లిన అతుకు అది. వల భుజాన వేసుకుని సంఘం ఇంటికి పోయేసరికి మామ అరుగు మీదే ఉన్నాడు, చుట్టూ జనం.

"నువ్వు గూడనా మామా?" అరిచాను.

"నాదే బిడ్డా. కొయ్యి."

అప్పుడర్థమైంది, అందరి ముందు నాతో కోయించాలనే వేశాడని. ఏడుపొచ్చింది. కొడవలితో కోస్తూ పచ్చదారం దగ్గర ఆగిపోయాను.

"అది గూడ కొయ్యి. గంత ఇడిస్తే మల్ల అందరడుగుతరు."

కోశాను. మామ అటు తిరిగి కూర్చున్నాడు.

ఆ తరువాతి వంతుకు వాగు మూలన ఒక్క వల లేదు, నన్ను వదినె అని పిలిచినవాడు లేడు. ఇంట్లో వల తగిలించే కొయ్య ఖాళీగా ఉంది. అది చూసినప్పుడల్లా మామ మీద కోపమొస్తుంది, ముందే ఒక మాట చెప్పొచ్చు కదా అని. చెబితే నేను కోసేదాన్ని కాదని ఆయనకు తెలుసు.