సగం మీసంతో వస్తే టికెట్ ఫ్రీ

నేను హీరోగా చేసిన సినిమా ఒక్కటే. అందులో నా మీసం సగమే ఉంటుంది. పెళ్లిచూపులకు బయల్దేరాల్సిన ఒకడు పొద్దున్నే సెలూన్‌లో కూర్చుంటాడు. మంగలి ఒక పక్క మీసం గీసి, ఇంటి దగ్గర ఏదో గొడవని ఫోన్ రాగానే కత్తి అక్కడే పడేసి పరుగెత్తుతాడు. ఇక రోజంతా మనవాడు సగం మీసంతో ఊరంతా తిరుగుతాడు. చివరి సీన్‌లో మిగిలిన సగం తనే గీసేసుకుని, నున్నటి మూతితో పెళ్లికూతురి ముందు నిలబడతాడు. ఆ పని మొదట్లోనే ఎందుకు చేయలేదని మీరు అడగొచ్చు. డైరెక్టర్‌ను నేనూ అడిగాను. "లాజిక్ అడిగితే కామెడీ రాదన్నా" అన్నాడు. తర్వాత తెలిసింది, లాజిక్ అడక్కపోయినా రాదని.

డైరెక్టర్ హనుమకొండ కుర్రాడు. ఫోన్లో చిన్న చిన్న వీడియోలు తీసి నాలుగు లైకులు సంపాదించుకున్నవాడు. నేను పెళ్లిళ్లలో, కాలేజీ ఫంక్షన్లలో, వినాయకుడి మండపాల దగ్గర మిమిక్రీ చేసుకు బతికేవాణ్ణి. నా మూతి మీద దట్టమైన మీసం చూసి, సగం తీస్తే పదిమందీ నవ్వుతారని వాడికి అనిపించిందట. షూటింగ్ జరిగినన్నాళ్లూ నేను హనుమకొండలోని నా గది వదిలి ఇంటి ముఖం చూడలేదు. మీసం పూర్తిగా వచ్చాకే మా ఊరి రైలెక్కాను.

కారణం మా నాయిన. కేసముద్రం మార్కెట్‌లో దడ్వాయి ఆయన, అంటే రైతుల బస్తాలు తూకం వేసే మనిషి. మా వైపు తండ్రి పోయినప్పుడే కొడుకు మీసం తీస్తాడు. పట్నంలో కుర్రాళ్లు రోజూ నున్నగా గీసుకుని తిరుగుతున్నారు, వాళ్ల తండ్రులూ బాగానే ఉన్నారు. కానీ మా ఇంట్లో అది వాదించే సంగతి కాదు. అన్నం కుడిచేత్తో తింటామా లేదా అని ఎవరైనా వాదిస్తారా?

నాయిన నా ప్రోగ్రాం ఒక్కటి కూడా చూడలేదు. నా పనిని ఆయన "గొంతులు తీసుడు" అనేవాడు. ఎవరైనా కొడుకేం చేస్తాడని అడిగితే "పట్నంల ఉంటడు" అని ఊరుకునేవాడు. సినిమా విడుదలవుతోందని తెలిసినప్పుడు నా కోరిక ఒక్కటే. ఆయన తెల్లచొక్కా వేసుకుని వరంగల్ వచ్చి, హాల్లో కూర్చుని, గోడంత నన్ను చూసి ఒక్కసారి నవ్వాలి. సినిమా ఆడుతుందా పోతుందా అన్నది నాకు దాని తర్వాతే.

పబ్లిసిటీకి దమ్మిడీ లేదు. అందుకని డైరెక్టర్ బుర్రలోంచి ఒక ఐడియా ఊడిపడింది. సగం మీసంతో వస్తే టికెట్ ఫ్రీ. స్టేషన్ దగ్గర ఒక సెలూన్‌ను మాట్లాడాడు, అక్కడ సగం మీసం ఊరికే తీసిపెడతారు. చౌరస్తాలో ఒక టిఫిన్ సెంటర్‌ను మాట్లాడాడు, సగం మీసం వాడికి దోశ సగం ధరకే. నా ముఖం ఆటోల వెనక అతికించారు.

"అన్నా, రేపటి సంది నువ్వు గూడ సగం మీసంతోనే తిరగాలె. నిన్ను జూస్తెనే జనం నవ్వాలె" అన్నాడు.

"మా నాయిన జూస్తే?"

"వరంగల్‌లనే తిరుగుతం. మీ నాయిన ఏడ జూస్తడు?"

సెలూన్‌లో కూర్చుని రెండోసారి సగం గీయించుకున్నాను. ఈసారి కెమెరా లేదు. అద్దంలో చూసుకుంటే నాకు నవ్వు రాలేదు. ఆ వెంటనే మైకు ఆటో ఎక్కాను. ఆటో భాయ్ పెద్దవాడు. ఎన్నో ఏళ్లుగా బట్టల షాపులకు, సర్కస్‌లకు, రాజకీయ పార్టీలన్నింటికీ గొంతు అరువిచ్చినవాడు. "ఫికర్ చెయ్యకు తమ్మీ. మైకు సంగతి నేను జూస్కుంట, నువ్వు మొఖం జూపియ్" అన్నాడు. కాజీపేట, హనుమకొండ, వరంగల్ చౌరస్తా, ఎక్కడ ఆపినా జనం చూశారు. సెల్ఫీలు దిగారు. టికెట్ మాత్రం ఎవరూ అడగలేదు.

విడుదలరోజు గేటు దగ్గర మేం మీసాలు వెతుక్కుంటూ నిలబడ్డాం. నున్నగా గీసుకున్న కాలేజీ కుర్రాళ్లు నలుగురొచ్చి, మాకు మొత్తమే లేదు కదా, మాకు రెండేసి టికెట్లు ఇవ్వాలని కాసేపు లొల్లి చేసి పోయారు. నిజంగా సగం మీసంతో వచ్చింది నడివయసు మనిషి ఒక్కడు. డైరెక్టర్ అతన్ని కౌగిలించుకున్నంత పని చేసి ఫోటో తీశాడు. ఇంకెవరైనా వస్తారా అని నేను ఆశగా అడిగాను.

"ఎట్లొస్తరు సార్? అందరి నాయినలు ఉన్నరు గద. మా నాయిన పోయిండు, నాకేం అడ్డం లేదు" అన్నాడతను.

డైరెక్టర్ ముఖం చూడాల్సింది. వాడికి ఊహ తెలియకముందే తండ్రి పోయాడు. ఇంట్లో ఈ మాట చెప్పేవాళ్లే లేకపోయారు. నాకు తెలుసు, కానీ ఇంత పట్టింపు మా నాయిన ఒక్కడికే అనుకున్నాను. జిల్లా మొత్తం మా నాయినలే ఉన్నారని నాకూ తట్టలేదు.

మధ్యాహ్నానికి హాలు ఖాళీ. టౌను వాళ్లు రారు, పల్లెలకు పోదామన్నాడు డైరెక్టర్. మర్నాడు తొర్రూరు అని చెప్పి బయల్దేరదీశాడు. సగం దారిలో ఆలోచన మారింది. మార్కెట్‌కు మిర్చి బాగా వచ్చిందట, జనం అక్కడే ఉన్నారని ఆటోను కేసముద్రం వైపు తిప్పించాడు. నేను దిగిపోతానన్నాను. వాడు చేతులు పట్టుకున్నాడు. "ఇయ్యాల జనం రాకుంటే రేపు సిన్మ ఎత్తేస్తరన్నా." సినిమా ఎత్తేస్తే నాయిన ఏం చూస్తాడు? ఆ ఒక్క లెక్కతో కూర్చుండిపోయాను.

ఆటో మార్కెట్ యార్డులోకి పోయేసరికి నాయిన కాంటా దగ్గరే ఉన్నాడు. మైకులో భాయ్ గొంతు మోగుతోంది. హమాలీలు బస్తాలు దించి చుట్టూ చేరారు. నాయిన తూకం ముగించి, చేతులు దులుపుకుని, నెమ్మదిగా ఆటో దగ్గరికి వచ్చాడు. భాయ్‌కి ఏమర్థమైందో మైకు ఆపేశాడు.

"గదేందిరా మొఖం?"

"సిన్మ కోసం నాయినా."

ఆయన కాసేపు నా మూతి వైపే చూశాడు. "మొత్తం తీస్తే నేను సచ్చినట్టు. నువ్వు సగం తీసినవ్. మరి నేను సగం సచ్చినట్టా?"

యార్డంతా గొల్లుమంది. మా సినిమా రెండు గంటల్లో ఎక్కడా అంత నవ్వు లేదు. నాయిన నవ్వలేదు. ఘాటు తగలకుండా మెడకు చుట్టుకున్న తువ్వాల తీసి, నా మూతికి అడ్డంగా కట్టి, తల వెనక ముడి వేశాడు. తువ్వాల నిండా మిర్చి దుమ్ము. కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి మిర్చికే అనుకున్నారు అందరూ. "ఈ దుమ్ముల తిరగకు బిడ్డా. ఇంటికి పో" అని మళ్లీ కాంటా దగ్గరికి పోయాడు.

ఇదంతా డైరెక్టర్ ఫోన్లో తీశాడు. మేం వరంగల్ చేరేలోపే దానికి నవ్వుల శబ్దాలు, డప్పు మోత కలిపి వదిలాడు. సినిమా చూడనివాళ్లంతా అది చూశారు. నేను వాడి కాలర్ పట్టుకున్నాను.

"తీసెయ్ దాన్ని."

"ట్రైలర్ కన్న ఎక్కువ పోతాందన్నా. మీ నాయినే మన సిన్మను బతికిస్తాండు."

తీసేశాడు, నిజమే. అప్పటికే అది ప్రతి గ్రూపులోనూ తిరుగుతోంది. మార్కెట్‌లో నాయినను "సగం పెద్దమనిషి" అని పిలవడం మొదలుపెట్టారని అమ్మ ఫోన్లో చెప్పింది. ఆయన పనికి పోకుండా ఇంట్లో పడుకున్నాడట. నాకు ముఖం చెల్లలేదు. అయినా ఫోన్ నాయినకు ఇవ్వమన్నాను.

"నాయినా, ఒక్కసారి వచ్చి సిన్మ చూడు. ఎందుకు చేసిన్నో నీకే తెలుస్తది."

"వస్త. మీసం వచ్చినంక వస్త. గా మొఖం పక్కన నేను కూసోలేను."

ఆ మాటకు నేను పొంగిపోయాను. రానని అనలేదు కదా. ఆ క్షణం నుంచే పబ్లిసిటీ మానేశాను. ఇంకో నాలుగు ఊళ్లు తిరగాలని డైరెక్టర్ బతిమాలినా, తిట్టినా కదల్లేదు. ఉన్న సగాన్ని కత్తెరతో కురచ చేసి, లేని సగం దాన్ని అందుకోవాలని పొద్దున లేవగానే అద్దం ముందు నిలబడేవాణ్ణి. సాయంత్రం హాలుకు పోయి ఎంతమంది ఉన్నారో చూసేవాణ్ణి. మీసం వస్తోంది, జనం పోతున్నారు. మీసానికి ఎరువు వేసే మందేదైనా ఉంటుందా అని సెలూన్ అతన్ని అడిగితే నవ్వాడు. నేను జోక్ చేయలేదు.

గురువారం మా ఫ్లెక్సీ దించారు. శుక్రవారానికి పెద్ద హీరో సినిమా వస్తోంది. నా ముఖాన్ని చుట్ట చుట్టి గోడ వారగా పెట్టారు. మూతి తడుముకున్నాను. ఒక పక్క ఇంకా నూగే.

మీసం రెండు పక్కలా సమానంగా వచ్చేనాటికి మిర్చి సీజను కూడా అయిపోవచ్చింది. ఇంటికి పోయి, అక్కణ్నుంచి యార్డుకు పోయాను. నాయిన మళ్లీ పనిలో చేరాడు. నన్ను పైకీ కిందికీ చూసి, షెడ్డు కింద బస్తా మీద చోటు చూపించాడు.

"ఇగ చూపియ్ నీ సిన్మ."

ఏ హాల్లో చూపించాలి? మా సినిమాను ఓటీటీ వాళ్లు కూడా కొనలేదు. డైరెక్టర్ పంపిన కాపీ ఫోన్లో ఉంది. పక్కపక్కన కూర్చుని, అరచేతిలో పెట్టుకుని చూశాం. మొదటి సీన్‌లో మీసం నిండుగా ఉంది. "మంచిగున్నవ్" అన్నాడు. ఆ తర్వాత మంగలి కత్తి పడేసి పరుగెత్తాడు. నాయిన ముఖం బిగుసుకుంది. మీసం ఒకసారి నిండుగా వచ్చాక ఇక ఆ ముఖం చూడక్కర్లేదనుకున్నాడు పాపం. సినిమాలో అది ఎప్పటికీ రాదని నేనూ ముందు చెప్పలేకపోయాను.

అయినా ఓపికగా చూశాడు. ఎక్కడా నవ్వలేదు. స్టేజీల మీద నేను ఎన్నో నిశ్శబ్దాలు చూశాను కానీ, అంత దగ్గరగా చూడలేదు. మధ్యలో ఒకసారి "ఎప్పుడొస్తది మీసం?" అని అడిగాడు. "ఆగు నాయినా" అన్నాను. చివరి సీన్ వచ్చింది. హీరో అద్దం ముందు నిలబడ్డాడు. రేజర్ తీసుకున్నాడు. నేను ఫోన్ లాక్కుని ఆపేశాను.

"అయిపోయింది నాయినా."

"మీసం రాకుండనే అయిపోయిందా?"

"రాకుండనే అయిపోయింది."

ఆయన లేచి తువ్వాల దులుపుకున్నాడు. నా ముఖం వైపు చేయి చూపించి, "ఇది మాత్రం ఉంచుకో. నేను పోయేదాక" అని కాంటా దగ్గరికి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత రెండు వేషాలు వచ్చాయి. రెంటికీ మీసం తీయాలన్నారు. తీయనన్నాను. మూడోది రాలేదు. సగం మీసం వాడు పూర్తి మీసంతో స్టేజీ ఎక్కితే జనానికి నవ్వు రావడం లేదని మిమిక్రీకి పిలిచేవాళ్లూ తగ్గారు. ఇప్పుడు ఆటో భాయ్ పక్కన కూర్చుని చీరల షాపు డిస్కౌంట్లు మైకులో చెబుతుంటాను. కేసముద్రం కూడా పోతుంటాం. ఈ పని నాయినకు నచ్చింది. కొడుకేం చేస్తాడని అడిగితే ఇప్పుడు చెబుతున్నాడట. మైకులో గొంతే వినబడుతుంది, ముఖం ఎవరికీ కనబడదు.