నీళ్లు నిలిచే బండ

మొన్న కల్లూరులో, మేము అద్దెకుంటున్న ఇంటి వసారాలో కొత్త బండలు వేయించిన యజమానురాలు వాటి మీద బకెట్ నీళ్లు గుమ్మరించింది. అవి ఒక్క ఊపున వాకిట్లోకి జారిపోతుంటే మురిసిపోతూ, చుక్క కూడా నిలవదు చూడమ్మా అని నన్ను పిలిచి మరీ చూపించింది. నాకు మాటలు తక్కువ. బాగుందని తల ఊపాను. కాని తడిసిన నాపరాయి వాసన ముక్కుకు తగిలిన ఆ క్షణాన నేను ఆ వసారాలో లేను. బేతంచెర్ల దాపున మా అమ్మ పుట్టిన ఊళ్లో, పాత గుడిలో, శనివారం సాయంత్రం చీపురు పట్టుకుని నిలబడి ఉన్నాను.

మావాళ్లు చర్చిని గుడి అనే అంటారు. అది కట్టిన కాలంలో మావాళ్ల ఇళ్లన్నీ రాతి గనుల్లో కూలికి పోయేవే కాబట్టి, ఇంటికో బండ చొప్పున తామే తొలిచి, మోసుకొచ్చి పరిచారట. ఎవరు తెచ్చిన బండ మీద ఆ ఇంటివాళ్లే కూర్చోవడం, మోకరించడం ఆనవాయితీ అయింది. తరాల తరబడి మోకాళ్లు ఆనిన చోట రాయి అరిగి, రెండు రూపాయి బిళ్లలు పేర్చినంత లోతున, ఒక్కో బండ మీద రెండేసి గుంటలు పడ్డాయి. పిల్లలం శనివారాలు గుడి కడిగితే, నేలంతా ఆరిపోయాక కూడా ఆ గుంటల్లో నీళ్లు నిలిచేవి. కిటికీలోంచి పడే వాలుటెండలో జంటలు జంటలుగా మెరిసే ఆ నీళ్లను చూస్తే, కంటికి కనిపించని మనుషులు ఇంకా అక్కడే మోకాళ్ల మీద ఉన్నారనిపించేది నాకు. అలాంటివి పైకి చెబితే నవ్వుతారని డైరీలో రాసుకునేదాన్ని.

మా అవ్వకు, అంటే అమ్మవాళ్ల అమ్మకు, అప్పటికే రెండు కళ్లూ మసకబారాయి. కూరలో ఉప్పు వేయాలన్నా, వీధి దాటాలన్నా ఎవరో ఒకరు పక్కన ఉండాల్సిందే. గుడిలో మాత్రం చెయ్యి పట్టుకోబోతే విదిలించేసేది. కాలి బొటనవేలితో నేలను తడుముకుంటూ పోయి, ఒకప్పుడు వాళ్లమ్మ మోకరించిన గుంటలను తానే కనుక్కుని, అక్కడ కూలబడి కొంగు సర్దుకునేది.

నేను ఇంటర్ చదివే రోజుల్లో ఆ గుడి గోడలు బీటలిచ్చాయి. పడగొట్టి కొత్తది కట్టక తప్పదని తేలినప్పుడు అవ్వ అడిగింది ఒక్కటే.

"గోడలు మీ ఇష్టమప్పా. నా బండ మాత్రం నాకుండల్ల."

మా మామ, అమ్మకు తమ్ముడు, యౌవనస్థుల కూటానికి పెద్ద. పాత గుడి గుర్తు ఒక్కటి కూడా పోనీయకూడదని పట్టుబట్టిందీ ఆయనే. గంటను దించి గోనెపట్టాలో చుట్టి ఇంట్లో దాచారు. ద్వారబంధాన్ని కొత్త గుడికి ఎత్తించారు. ముసలివాళ్ల దగ్గర కూర్చుని గుడి కట్టిన నాటి కథలన్నీ చెప్పించుకుని, అక్షరం గుండ్రంగా ఉంటుందని నా చేత రాయించారు. ఎవరి ఎదుటా నోరు విప్పని నేను, రాసే సాకుతో ఆ వేసవంతా ఎందరి అరుగుల మీద కూర్చున్నానో, ఎన్ని ఇళ్ల మజ్జిగ తాగానో!

బండలను కూడా ఒక్కటీ పగలకుండా గడ్డపారలతో లేపి లారీకెత్తారు. అయితే కొత్త గుడిలో మాసిన బండలు పరిస్తే దేవుడికి చిన్నతనమని, ముందుగా బేతంచెర్లలో పాలిష్ పట్టించాలనుకున్నారు. అది ప్రేమతో చేసిన పనే. ఇంట్లో పెండ్లి పెట్టుకుని గోడలకు సున్నం కొట్టనివాళ్లెవరు?

బండలు తిరిగి తెచ్చుకునే రోజు మామ వెంట నేనూ పోయాను. యంత్రం కింద నీళ్లు పాలలా తెల్లగా పారుతున్నాయి. గోడకు వరసగా ఆనించిన మా బండల్లో ఆకాశం కనిపిస్తోంది. అందంగా ఉన్నాయనుకుంటూ అరచేత్తో తడిమాను. ఒకదాని మీదా, దాని పక్కదాని మీదా, ఎక్కడా చేతికేమీ తగల్లేదు. అవ్వ బొటనవేలు గుర్తొచ్చింది. అప్పుడే ఆఖరి బండను యంత్రం మీదికి ఎత్తబోతున్నారు. నా గొంతు అంత పెద్దదని నాకూ ఆ రోజే తెలిసింది.

"వద్దు మామా, ఆపమను! గుంటలు పోతాండాయి!"

మామకు అర్థం కాలేదు. ఆ బండ మీద మగ్గుతో నీళ్లు పోసి చూపించాను. రెండు గుంటల్లో నిలిచాయి. పక్కనున్న నున్నటి బండ మీద పోశాను; జారిపోయాయి. మామ ఆ తడి నేల మీదే గొంతుక్కూర్చున్నారు.

లారీలో బండలన్నీ కలగలిసిపోయాయి కాబట్టి, మిగిలిన ఆ ఒక్క బండ ఎవరిదో ఎవరికీ తెలియదు. కొత్త గుడిలో ఆడవాళ్ల వైపు దాన్ని పరిచాక, ముసలమ్మలంతా వచ్చి ఒకరి తర్వాత ఒకరు మోకాళ్లాన్చి చూసుకున్నారు.

"ఇది మాదేమ్మే. మా యత్త మోకాళ్లు ఇట్లే ఉంటాండె."

"మీ యత్త ఎప్పుడు మోకాళ్లేసిందిలే! గుడికొచ్చి కునుకు తీస్తాండె గదా!"

నవ్వులు సద్దుమణిగాక అవ్వ వంతు వచ్చింది. బొటనవేలితో తడిమింది. మోకరించింది. చాలాసేపు లేవలేదు. ద్వారం దగ్గర నిలబడ్డ మామ మొహంలోకి నేను చూడలేకపోయాను. చివరికి ఆమె లేచి, "బాగుండాది లేరా. సరిపోయింది" అంది ఆయనతో.

ఇంటికి నడిచి వస్తుంటే మాత్రం నా భుజం మీద చెయ్యేసి, మెల్లగా అంది: "మనది కాదు పాపా. మా యమ్మ కుడి మోకాలు లోతు. ఇది శానా సమంగా ఉండాది. వానికి చెప్పొద్దు."

నేను చెప్పలేదు. ఇది చదివితేనే మామకు తెలుస్తుంది. అవ్వ మాత్రం పోయేదాకా ప్రతి ఆదివారం, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, ఎవరి అమ్మవో తెలియని ఆ గుంటలను వెతుక్కుంటూ పోయి మోకరించింది.

ఇప్పుడు ఆ ముసలమ్మలెవరూ లేరు. గుడి నిండా ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాయి. ప్రార్థన వేళ తలలు వంచుతామే గాని మోకాళ్లు నేలకు ఆనవు. మన తరం కూర్చున్న చోట రాయి అరగదు. ఆడవాళ్ల వైపు ఒక కుర్చీ మాత్రం ఎప్పుడూ ఊగుతుంది. దాని కాలు గుంటలోకి దిగుతుంది. ఎవరో అట్టముక్క మడిచి ఆ కాలి కింద పెడుతుంటారు. అయినా కూర్చున్నవాళ్లు విసుక్కుని పక్కకు జరుగుతారు. క్రిస్మస్‌కు ఊరెళ్లినప్పుడు నేను అందరికంటే ముందు పోతాను. అట్టముక్క తీసేసి, బొటనవేలితో నేలను ఒకసారి తడిమి, ఆ కుర్చీలోనే కూర్చుంటాను.