సులైబియా మలుపు దగ్గర

ముప్పై ఏళ్లకు పైగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చిన్న అబద్ధం. దాని కింద కొందరు ఆడవాళ్ల బతుకులూ, ఒక మనిషి రాజకీయ జీవితమూ నలిగిపోయాయి. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

ఇరాక్ సేనలు కువైట్‌లోకి వచ్చిన ఏడాది నేనక్కడ ఒక ఇంగ్లిషు దినపత్రికలో విలేకరిని. పత్రిక మూతపడింది. ఫహాహీల్‌లో బస్సులు తిప్పే బషీర్ అనే పాకిస్తానీ, చేతనైనంత మందిని జోర్డాన్ చేరుస్తానన్నాడు. పేర్లు రాసే పని నాది. సులైబియాలో ఒక గోదాములో మా కడప పనిమనుషులు కొందరు తలదాచుకున్నారు. వీళ్లను పనికి తెచ్చుకున్న యజమానులు, కఫీళ్లు, పారిపోయారు, వీళ్ల పాస్‌పోర్టులు వాళ్ల దగ్గరే ఉండిపోయాయి. ముందు రోజు వెళ్లి కలిశాను.

"అన్నా, బస్సు ఈడికే వస్తాది గదా?" అంది నారాయణమ్మ.

"వస్తాదమ్మా. నీ పేరే మొదట రాసినా."

"మేం అగుపడకుంటే హారన్ కొట్టమను. ఉరుక్కుంటా వస్తాం."

మర్నాడు సులైబియా మలుపు దగ్గర బషీర్ బస్సు నెమ్మది చేశాడు. పత్రికవాణ్ణని నన్ను అఖ్బార్ సాబ్ అనేవాడు.

"అఖ్బార్ సాబ్, మీ ఆడవాళ్లు ఇక్కడున్నారన్నావే. తిప్పనా?"

"ఎవరూ లేరు భాయ్. నిన్ననే వెళ్లిపోయారు."

"పక్కా?"

"పక్కా."

"యల్లా, పోదాం పద. నీ మాట మీదే పోతున్నా."

ఎందుకన్నాను? కాగితాలు లేనివాళ్లుంటే చెక్‌పోస్టులో బస్సంతా ఆపేస్తారని. ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నది ఇదే. నిజానికి బస్సు గురించి కాదు నా భయం. నన్ను ఆపేస్తారని.

హైదరాబాదు వచ్చి ఒక పత్రికలో చేరాక బషీర్ మీద కథనం రాశాను. 'ఒక్కరినీ వదలని మనిషి' అనే శీర్షిక నాదే. వదిలేసిన ఆడవాళ్లు రేపు నోరు తెరిచినా ఎవరూ నమ్మకూడదనే ఆ శీర్షిక పెట్టాను. పాకిస్తాన్‌లో బషీర్ సొంతూళ్లో దాన్ని ఉర్దూలోకి మార్చి గోడల మీద రాశారు. బషీర్ అక్కడి జాతీయ అసెంబ్లీకి గెలిచాడు. గల్ఫ్ కూలీల పాస్‌పోర్టులు యజమానులు ఉంచుకోకూడదని అక్కడ గట్టిగా మాట్లాడేవాడని విన్నాను.

నారాయణమ్మ చాలా నెలలు అగచాట్లు పడి ఊరు చేరింది. ఆమెతో ఉన్నవాళ్లలో ఇద్దరు చేరలేదు. కొన్నేళ్లకు మా విలేకరి ఒకడు ఆమెను కలిశాడు. "ఆ పాకిస్తానాయన మమ్మల్ని ఇడిసిపెట్టి పాయె. పేర్లు రాసుకున్న అన్న మంచోడు పాపం" అందట. ఆ వార్త నా బల్ల మీదికే వచ్చింది. అచ్చుతప్పులు దిద్దాను. రెండో వాక్యం కొట్టేశాను. అచ్చుకు పంపాను.

వార్త సరిహద్దు దాటింది. ఎన్నికల సభల్లో ప్రత్యర్థులు చదివి వినిపించారు. బషీర్ ఫోన్ చేశాడు. "నేను అడిగాను, నువ్వు లేరన్నావు. ఆ ఒక్క ముక్క రాయి" అన్నాడు. గుర్తు లేదన్నాను. తిట్టి ఉంటే బాగుండేది. ఖుదా హాఫిజ్ అని పెట్టేశాడు. ఆ ఎన్నికల్లో ఓడిపోయాడు. తర్వాత పార్టీ టికెట్ కూడా ఇవ్వలేదు.

ఇప్పుడాయన లేడు. నారాయణమ్మ ఉంది. ఆమెకు ఎదురుపడి చెప్పే ధైర్యం ఇంకా రాలేదు, వస్తుందని మాటివ్వను. క్షమించమనీ అడగను, మీరెవరు క్షమించడానికి? బషీర్ అడిగాడు. నేను లేరన్నాను. ఈ రెండు ముక్కలూ రాయడానికి ఇంత బతుకు పట్టింది. రాసి, కింద నా పేరు పెట్టాను, అంతే.