మందు మేస్త్రీ సాక్ష్యం

క్వారీలో మందు పెట్టి బండలు పేల్చే మేస్త్రీ, ఎవరు పలకరించినా ముందు అరచెయ్యి చెవి వెనక్కి తెచ్చుకుంటాడు. వత్తి అంటించే ముందు మాత్రం చుట్టూ కళ్ళతో వెతికి, "తప్పుకోండ్రోయ్!" అని కొండ అదిరేలా కేకేస్తాడు. అతని చేతిమీదుగా ఒక్కరి ఒంటిమీదా రాయి పడలేదు. పేలుళ్ళకు ఇళ్ళు బీటలు వారుతున్నాయన్న ఫిర్యాదుతో క్వారీ లైసెన్సు రద్దయింది. యజమాని కోర్టుకెక్కి, అతణ్ణి సాక్షిగా తెచ్చాడు. "పేలుళ్ళ వల్ల ఎవరికీ ఇబ్బంది లేదండయ్యా," అని యజమాని నేర్పిన మాట అప్పగించాడు మేస్త్రీ.

ఫిర్యాదు చేసినవాళ్ళని లేవమన్నారు జడ్జి. వెనక బెంచీలోంచి లేచిన మనిషిని చూసి మేస్త్రీ కొయ్యబారిపోయాడు. పొద్దున చెల్లెలింటికని బయల్దేరిన అతని భార్య!

"నువ్వా? మన నోటికాడ కూడు నువ్వే తీశావా?" అన్నాడు.

ఆమె ఇంట్లో అరిచినట్టే అరిచింది. "గోడల సంగతి రాసిచ్చాగానీ, నా బాధంతా నీ చెవులయ్యా! మనవరాలు తాతా తాతా అని గొంతు చించుకున్నా పలకవే!"

హాలంతా బిత్తరపోయింది.

"మళ్ళీ అడుగుతున్నాను. ఎవరికీ ఇబ్బంది లేదా?" అన్నారు జడ్జి.

మేస్త్రీ చెయ్యి చెవి వెనక్కి వెళ్ళింది. భార్యవైపు తిరిగి, "ఏమంటున్నారే?" అన్నాడు.